కడలియొడ్డున నొక పాఠశాల

ప్రత్తియు మిరపయు పండు మన నల్లరేగడి సీమకును సముద్రమునకును సంబంధము లేదని పలువురు తలంతురు. గుండ్లకమ్మ నల్లమలలో బుట్టి ప్రకాశము జిల్లా పొలములమీదుగా బంగాళాఖాతమున గలియుచున్నది. నల్లమడ వాగు గుంటూరు మెరకల నీటిని బాపట్ల ప్రాంతమున గడలిలో విడుచుచున్నది. మన చేలపై జల్లిన పురుగుమందులో వాననీట గొట్టుకొనిపోవు పాలును ఆ దారినే పోవును. కావున తీరప్రకృతిని గూర్చిన విద్య పల్లెకారుల బిడ్డలకెంత యవసరమో, మిరపకళ్లములలో బెరిగిన మన విద్యార్థులకును నంతే యవసరమని మా తలంపు. సూర్యలంక, వాడరేవు ప్రాంతమున లాభాపేక్షలేని విద్యాకేంద్రమును స్థాపింపగోరువారు మొదట నేమి చేయవలయును?

భవనమునకై చందాపుస్తకము తీయుట మనవారి యాచారము. దానికి మేము సమ్మతింపము. చెన్నపట్టణమున 1970వ దశకమందు సర్పోద్యానమునకు సంబంధించినవారు రాత్రులు తీరమున నడచి తాబేళ్ల గ్రుడ్లను వెదకి కాపాడిరి. 1988లో విద్యార్థులే సంఘముగా గూడి యా పనిని గైకొని, నేటికిని నడపుచున్నారు. వారి మూలధనము కాళ్లును, చేతిసంచియు, లెక్కలపుస్తకమును మాత్రమే.

జనవరి మొదలు కొన్ని నెలలపాటు ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ నొడ్డునకు వచ్చి, యిసుకలో గుంటదీసి, నూరు గ్రుడ్లకు బైబడి పెట్టి, వెనుదిరిగి చూడక పోవును. కుక్కలును నక్కలును త్రవ్వకమునుపే వానిని దీసి, కంచెలోని యిసుకయందు నంతే లోతున బూడ్చవలయును. 45 మొదలు 60 దినములకు బిల్లలు వెలువడును. ఇసుక వేడి హెచ్చయిన నాడుపిల్లలు, తగ్గిన మగపిల్లలు నెక్కువగా బుట్టుట విచిత్రము. ఉష్ణమాపకమును బూడ్చి దినదినము వ్రాసికొను బాలునకు దీనిని వేరుగ బోధింప బనిలేదు. అయితే 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితమైన జీవమగుటచే, అటవీశాఖవారి యనుమతి లేక గ్రుడ్లను ముట్టరాదు.

తాబేళ్లు రాని నెలలకును బని కలదు. లీటరు సముద్రజలము నిగిర్చిన సుమారు 35 గ్రాముల లవణములు మిగులును. గుండ్లకమ్మ మొగయందలి నీటిని వేసవిలో నొకసారి, వానల పిదప నొకసారి యిగిర్చి తూచిన భేదము తేటపడును. చినగంజాము ఉప్పుకొఠారుల పనివారికి ఈ శాస్త్రము పుస్తకము లేకయే తెలియును. అట్టివారిని, వలలు నేర్చిన పెద్దలను ఉపాధ్యాయులుగా బిలిచి జీతమీయవలయును. ధర్మకార్యమని చెప్పి కూలివాని రాత్రిని ఊరక గైకొనుట ధర్మము కాదు.

ఒకటి రెండేండ్లు పని నిలిచిన పిమ్మట రిజిస్ట్రేషను. ఆంధ్రప్రదేశమున 2001వ సంవత్సరపు సంఘముల చట్టము ప్రకారము ఏడుగురు సభ్యులు చాలుదురు. మిగులుధనమును సభ్యులు పంచుకొనరాదను నియమమును స్పష్టముగ వ్రాయవలయును.

తలిదండ్రుల భయము వట్టిది కాదు. ఈ తీరమున విహారమునకు వచ్చి మునిగినవారి వార్తలు మనము వినుచునే యున్నాము. కావున మోకాలి లోతు దాటి యెవ్వరును దిగరాదు; పల్లెకారుడొకడు త్రాడుతో గూడ నుండవలయును; పోవునప్పుడును వచ్చునప్పుడును పేర్లు పిలువవలయును. ఇక తాబేళ్ల కాలమే పరీక్షల కాలమగుట మన దురదృష్టము. పదవతరగతివారిని విడిచి, యెనిమిది, తొమ్మిది తరగతులవారిని శనివారపు రాత్రులందు బంపుటకు బెద్దలంగీకరింతురేని, రాబోవు జనవరిలోనే మొదలిడవచ్చును.