పిన్ని రిజిస్టరు

ఈ కథనానికి మా ఎడిటర్ ముందే పెట్టిన పేరు ‘క్యాన్సర్‌ను గెలిచిన ధీరలు’. గడువు పన్నెండు రోజులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి నలుగురిని పట్టుకుని, నవ్వుతున్న ఫొటోలు పంపమన్నారు. మొదటి ఫోను మా పిన్నికి చేశాను. “ధీరేటి రా? పక్కన బకెట్టు పెట్టుకుని తొంగుంటే ధీరా?” అని పెట్టేసింది.

మర్నాడు బస్సెక్కి చీపురుపల్లి అవతలున్న వాళ్లూరు వెళ్లాను. తన పేరు, ఊరి పేరు రాయనని ఒట్టేయించుకుని, బీరువాలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసి ఇచ్చింది. వెనక అట్ట మీద ఎక్కాలున్న రకం. మిగిలిన పదకొండు రోజులూ నాకు దాంతోనే సరిపోయింది.

పిన్ని అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసి దిగింది. పిల్లల బరువులు, గుడ్ల లెక్కలు రాసీ రాసీ అలవాటైన చెయ్యి. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనయ్యాక కీమో పెట్టాలనగానే ఆవిడ చేసిన మొదటి పని, స్కేలు పెట్టి గళ్లు గీసుకోవడం. రోజు, జ్వరం, తిన్నది, నిలిచినది, విరేచనం, ఎవరొచ్చారు. ‘నిలిచినది’ అంటే వాంతిలో పోకుండా కడుపులో ఉన్నది. తేదీలు లేవు. మందు ఎక్కించిన రోజు ఒకటి. అక్కణ్ణించి ఇరవై ఒకటి దాకా లెక్క, మళ్లీ డోసు, మళ్లీ ఒకటి.

మొదటి డోసు పేజీ ఇలా ఉంది. 1: ‘మందు ఎర్రగా ఉంది. ఒంటేలూ ఎర్రగా వచ్చింది. నర్సమ్మ ముందే చెప్పింది.’ 3: ‘తాలింపు వాసన. డోకు.’ 5: ‘విరేచనం లేదు. నాలుగు రోజులు.’ 8: ‘నోరు పూసింది. మజ్జిగన్నం కూడా మండింది.’ 17: ‘దువ్వెన నిండా.’ ఆ చివరి మాట పక్కన గళ్లన్నీ ఖాళీ.

ఎర్ర మందు డాక్సోరుబిసిన్. విరేచనం ఆగింది కీమో వల్లే కాకపోవచ్చు. వాంతులాపడానికి ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ మాత్ర పేగుల్నీ నెమ్మది చేస్తుంది. ఆ సంగతి చెబితే విరేచనం సాఫీగా అయ్యే మందు రాసిస్తారు. పిన్ని సిగ్గుపడి చెప్పలేదు. రెండో డోసుకి పుస్తకమే డాక్టరు ముందు పెట్టేసింది, నోటితో చెప్పే పని లేకుండా.

తెల్ల రక్తకణాలు మామూలుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల అట్టడుగుకు పడతాయి. మనిషి చూస్తే అప్పటికి తేరుకుంటున్నట్టే ఉంటుంది. వాంతులు తగ్గుతాయి, అన్నం సయిస్తుంది, చుట్టాలొస్తారు. ‘ధైర్యంగా ఉండాలమ్మా’ అనే సలహా మీద నాకు పెద్ద గురి లేకపోవడానికి కారణం ఇదే. ఆ వారంలో అక్కరకొచ్చేది ధైర్యం కాదు, థర్మామీటరు.

రెండో డోసు తొమ్మిదో రోజు మంగళవారం, పైడితల్లి సిరిమానోత్సవం. జనంలోకి వెళ్లొద్దన్నారని పిన్ని ఇంట్లోనే ఉండిపోయింది. పండగే ఇంటికొచ్చింది. ‘ఎవరొచ్చారు’ గడిలో ఏడు పేర్లు, అందులో ఒకదాని పక్కన ‘జలుబు’. పదకొండో రోజు గడిలో అక్షరాలు వంకరపోయాయి: ‘రాత్రి 9. 101. ఆరెంపీ ఇంజెక్షన్ అన్నారు. వద్దన్నాను. ఆటో.’

ఆ ‘వద్దన్నాను’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన ఊళ్లలో రాత్రి తొమ్మిదికి దొరికే వైద్యుడు ఆయనే, పైగా మంచివాడు. కానీ కీమోలో ఉన్నవాళ్లకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది మామూలు జ్వరం లెక్కలోకి రాదు. న్యూట్రోఫిల్స్ అనే కణాలు 500 కంటే తగ్గినప్పుడు చిన్న ఇన్‌ఫెక్షనే గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. పారాసిటమాల్ ఇస్తే జ్వరం దిగుతుంది, ఇన్‌ఫెక్షన్ లోపల తన పని తాను చేసుకుపోతుంది. ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఉంటే కండకు పొడిచిన సూది దగ్గర రక్తం ఆగదు. చెయ్యాల్సింది ఒకటే: ముందుగా ఆసుపత్రికి ఫోను, ఆ వెంటనే ప్రయాణం. పిన్ని విజయనగరం మీదుగా తెల్లారేసరికి విశాఖ చేరింది. ఐదు రోజులు నరానికి యాంటీబయాటిక్‌లు.

అదంతా జలుబు చుట్టం వల్లేనని పిన్ని నేటికీ నమ్ముతుంది. ఇలాంటి జ్వరాలకు చాలాసార్లు మన నోట్లో, పేగుల్లో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులే కారణమని నేను చెప్పబోయాను. “నీకేటి తెల్దు, వూరుకో” అంది. మూడో డోసు నుంచి చివరి గడిలో ఒకే మాట పైనుంచి కిందికి: ‘గుమ్మం దగ్గరే’.

జుట్టు గురించి పుస్తకంలో ఇంకేం లేదు, నోటితోనే చెప్పింది. సగం ఊడి అట్టలు కట్టకముందే మంగలిని పిలిపించి తీయించేసుకుందట. అడిగినవాళ్లకి తిరుపతి మొక్కు అంది. ముత్తయిదువ గుండు చూసి ముఖం తిప్పుకునేవాళ్లు మొక్కు అనగానే దండం పెట్టారట! మాడు మంటకి పాలిస్టర్ పడక పొందూరు ఖద్దరు ముక్క కట్టుకుంది. ఆ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. అంత మెత్తదనం గుండు మీద పెట్టుకుంటే గానీ తెలియలేదంది.

ఉద్దానం సంగతి వేరుగా చెప్పాలి. సిస్‌ప్లాటిన్ అనే మరో కీమో మందు మూత్రపిండాలను దెబ్బతీయగలదు. అందుకే దాంతోపాటు సెలైన్ బాగా ఎక్కిస్తారు, ప్రతి డోసుకీ ముందు క్రియాటినిన్ చూస్తారు. ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే రోగికి ఆ పరీక్ష మరీ ముఖ్యం. అక్కడ కిడ్నీ జబ్బు చాలామందికి ఉంది. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉందని, ఒళ్లు నొప్పులకి ఏళ్ల తరబడి మాత్రలు మింగానని డాక్టరు అడక్కముందే చెప్పాలి. ఎన్ని నీళ్లు తాగాలన్నదీ వాళ్లనే అడగాలి.

కీమో చరిత్ర కూడా రాయమని ఎడిటర్ అన్నారు కాబట్టి: 1943 డిసెంబరులో ఇటలీలోని బారి రేవులో బాంబులు పడి, ఓడలోని మస్టర్డ్ గ్యాస్ సోకినవాళ్లలో తెల్లకణాలు పడిపోయాయి. అంతకు ఏడాది ముందే అమెరికాలోని యేల్ వైద్యులు అదే జాతి రసాయనాన్ని ఒక క్యాన్సర్ రోగికి రహస్యంగా ఇచ్చి చూశారు. ఆ తర్వాత మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించారు, దానికి ఎదురు తిరిగే మందునీ చేయించారు. ఆ మందుతోనే 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొన్నాళ్లు నిలువరించారు. వేగంగా పెరిగే కణాన్ని కొట్టడం కీమో పద్ధతి. జుట్టు కుదురు, నోటి పొర, పేగు, ఎముక మూలుగ కూడా వేగంగా పెరిగేవే, అవీ దెబ్బ తింటాయి. పిన్ని ఏళ్ల తరబడి గర్భిణులకు ఇచ్చిన ఐరన్ మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఇది చెబితే మాత్రం ఆశ్చర్యపోయింది.

వంటింట్లో

డైట్ కాగితంలో ‘రాగి జావ’ అని ఉంటే మనకది చోడి అంబలి. మంచిదే, అయితే అప్పటికప్పుడు కాచింది. రాత్రి పులియబెట్టిందీ తరవాణీ రక్తకణాల కౌంట్లు కోలుకునేదాకా పక్కన పెట్టాలి. నోరు పూస్తే గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు తినేసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి. ఆవకాయ, చింతపండు పులుసు వద్దు. తాలింపు పెడితే రోగి పెరట్లో ఉండాలి, లేదా తాలింపే ఉండకూడదు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది పథ్యం. గుడ్డు వేడి, చేప వాతం అని మాన్పించి, కండ కరిగిపోతున్న మనిషికి చారన్నం పెడతారు. బాగా ఉడికిన గుడ్డు, చేప, పప్పు పెట్టాలి. బొప్పాయి ఆకు రసం, పసరు మందులు డాక్టరుకి చెప్పకుండా వద్దు.

దారి ఖర్చు

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. కీమో అందులో ఉంది. విశాఖ శివార్లలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చాలామందికి తెలియనిది రైలు రాయితీ: చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ లేదు, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. ఆసుపత్రివాళ్లు సంతకం చేసిన పత్రం కావాలి. పిన్నికి ఇది నాలుగో డోసు అయ్యాక తెలిసింది. పుస్తకం చివర ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీసి పెట్టింది.

నాలుగో డోసు ఇరవై ఒకటో రోజు ‘తిన్నది’ గడిలో ఇలా ఉంది: ‘వంకాయ కూర. నేనే తాలింపు పెట్టాను.’

ఎడిటర్‌కి నవ్వే ఫొటోలు పంపలేదు, ఈ పేజీల ఫొటోలు పంపాను. శుక్రవారం రాత్రి ఈ కథనం పూర్తి చేస్తుంటే పిన్ని ఫోను. “బుక్కు ఆదివారం లోపల తెచ్చీ. పక్కూరి పిల్లకి మంగళారం మొదటి డోసు. దానికి గళ్లు గీయడం రాదట.”