ముక్కును మోసగించే విషవాయువు

పాడుబడ్డ బావిలోకి దిగేముందు తాడుకు లాంతరు కట్టి దింపి చూడటం మన పెద్దల పద్ధతి. దీపం ఆరిపోతే లోపల ఊపిరాడదని గుర్తు. అయితే సెప్టిక్ ట్యాంకు దగ్గర ఈ పని ఎన్నడూ చేయకండి. అక్కడ చేరే మీథేన్ భగ్గుమంటుంది. పైగా అక్కడ ప్రాణాలు తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి దీపం చెప్పలేదు.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఈ వాయువుదే. గాలిలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు కూడా లేనప్పుడే ముక్కు దాన్ని పసిగడుతుంది. అదే 100 పాళ్ళకు చేరితే కొద్ది నిమిషాల్లోనే వాసన తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది, ఇక దిగవచ్చు అనుకునేది సరిగ్గా అప్పుడే! గాలికంటే బరువైనది కనుక ఇది గోతి అడుగున నిలుస్తుంది. శరీర కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుపడుతుంది. మోతాదు ఎక్కువైతే కొద్ది శ్వాసల్లోనే మనిషి కూలిపోతాడు.

విచిత్రమేమిటంటే ఇదే వాయువును మన శరీరం కూడా అతి కొద్దిగా తయారుచేసుకుంటుంది. మెదడులో ఇది సంకేతంలా పనిచేస్తుండవచ్చని 1996లో జపాన్ శాస్త్రవేత్తలు అబే, కిమురా తెలిపారు. మరి బతికున్న కణంలో ఇంత కొంచెం వాయువును చూడటమెలా?

2011లో అమెరికాలోని బర్క్‌లీలో క్రిస్టఫర్ చాంగ్ బృందం ఇందుకు ఒక రంగు పదార్థాన్ని తయారుచేసింది. ఆ అణువుకు మూడు నత్రజని పరమాణువుల గుంపును మూతలా తగిలించారు. మూత ఉన్నంతవరకు వెలుగు దాదాపు రాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే ఆ గుంపు రూపం మారిపోతుంది. అప్పుడు నీలికాంతి పడితే కణం ఆకుపచ్చగా మెరుస్తూ మైక్రోస్కోపులో కనబడుతుంది. తర్వాత ఇలాంటివి ఎన్నో వచ్చాయి. జీబ్రా చేప పిల్లల ఒళ్ళు గాజులా ఉంటుంది కనుక వాటిలోనూ ఈ మెరుపును చూస్తున్నారు. ఒక లోపం ఉంది. ఇలాంటి అణువు ఒకసారి వెలిగితే మళ్ళీ ఆరదు. అందువల్ల వాయువు తగ్గిందో లేదో చెప్పదు.

ఇది ఆస్పత్రిలో చేసే రక్తపరీక్ష కాదు, పరిశోధనశాల సాధనం. పనివారికి కావలసింది గ్యాస్ మీటరు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం.

ఒకరు పడిపోతే, తీయాలని ఆత్రంగా దిగిన అన్నో కొడుకో కూడా అక్కడే పడిపోతుంటారు. మీరు దిగకండి. ఫైర్ వారికి 101, అంబులెన్సుకు 108 ఫోన్ చేయండి. జనాన్ని దూరం జరపండి. అగ్గిపుల్ల, బీడీ ఆ దరిదాపుల్లో ఎవరినీ వెలిగించనివ్వకండి.