శేషాచలాటవిలో మూడు దినముల కాలినడక

రాయచోటి బాలురకు కొండ క్రొత్త గాదు. కడపకు పోవునప్పుడు గువ్వలచెరువు కనుమ దిగనివారు మనలో అరుదు. అయినను బస్సు కిటికీలోనుండి కొండను జూచుట వేఱు, మూడు దినములు దానిపై తిరిగి సుఖముగా ఇల్లు చేరుట వేఱు. పెద్ద తరగతుల బాలురు శేషాచల వనమునకు పోవలెనని నన్ను తొందరపెట్టుచున్నారు గనుక, బయలుదేరుటకు ముందు చేయవలసిన లెక్క ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆల్ప్సు పర్వతములలో నడచువారు మంచునకును చలికిని జంకుదురు. 1863లో స్థాపింపబడిన స్విస్ ఆల్పైన్ క్లబ్బువారు అచ్చటి కొండలపై బసలు కట్టించిరి. బాటసారి ఒక బసనుండి మరియొక బసకు నడచును. మన శిఖరములు 3,000 అడుగులకు అటునిటుగా నుండును. ఇచ్చట మంచు లేదు. మనలను శాసించునది నీరు.

నడచువానికి త్రాగుటకును వంటకును దినమునకు 5 లీటర్లయినను కావలెను. లీటరు నీరు ఒక కిలో తూగును. మూడు దినములకు 15 కిలోలు. బియ్యము, పప్పు, దుప్పటి వేఱు. పదునాలుగేండ్ల బాలుడు ఇంత మోయజాలడు. కావున ప్రతి రాత్రియు నీరున్న చోటనే మకాము చేయవలెను. ఈ మాట నేను పుస్తకములో నేర్వలేదు. యౌవనమున ఒక ఏప్రిలు మాసమందు, పటములో వాగు గీత యున్నదని నమ్మి నలుగురు మిత్రులతో కొండ యెక్కితిని. వాగు ఉన్నది, అందు ఇసుక మాత్రమే యున్నది. మోకాలిలోతు చెలమ త్రవ్వగా రెండు గంటలకు చెంబెడు బురదనీరు ఊరెను. మాలో ఒకడు స్పృహ దప్పెను. అతనిని మోసికొని దిగునప్పటికి అర్ధరాత్రి యైనది. తప్పు నాది. క్రింది పల్లెలోని పసులకాపరిని ఒక్కమాట అడిగియుండిన, ఆ వాగు ఎండి నెల యైనదని చెప్పియుండును.

నీటిజాడ రాతినిబట్టి తెలియును. ఈ కొండల పైభాగము బీటలువారిన క్వార్ట్‌జైటు రాయి. వాననీరు ఆ బీటలలో ఇంకి, లోయలలో ఊటలై వెలువడును. గట్టుమీద నాలుక యెండుచున్నను కోనలో చల్లదన ముండుట ఇందుచేతనే. కోన, తీర్థము, గుండము, మడుగు అను పేర్లున్నచోట పూర్వులు నీరు చూచిరని గ్రహింపుడు.

డిసెంబరు, జనవరి మాసములు అనుకూలములు. ఈశాన్యపు వానలు వెలిసి, ఊటలు ఇంకను పారుచుండును. ఆ వానలలో మాత్రము పోరాదు. 19 నవంబరు 2021న రాజంపేట చెంత చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పల్లెలు కొట్టుకొనిపోయిన సంగతి మీరెఱుగుదురు. ఎండినదైనను వాగుగర్భమున గుడారము వేయకుడు.

కాలమునకు స్కాట్లండు దేశీయుడగు నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రము కలదు: 3 మైళ్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 2,000 అడుగులకు మరియొక గంట. అది బలిష్ఠులకు, బాలురకు దానికి సగము కలుపుడు. జనవరిలో ఆరు గంటలకే చీకటి పడును.

మొదటిసారి పోవువారు ఒకే మకాము పెట్టుకొనుట మేలని నా అభిప్రాయము. పీలేరు, భాకరాపేటల మీదుగా తలకోన చేరి, జలపాతపు చెంతనే రెండు రాత్రులుండి, పగలు అడవి చూచి మరలవచ్చును. అటవీశాఖవారి అనుమతి ముందుగా వ్రాసి పొందవలెను. ఇచ్చటి అడవి కొంత 1989లో జాతీయవనమైనది. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది. ఎఱ్ఱచందనపు దొంగల భయముచేత, అనుమతి లేక తిరుగువానిని ఎవరైనను అనుమానింతురు. ఏనుగులును కలవు. అడవి నెఱిగిన యానాది పెద్ద నొకనిని వెంట గొనిపోవుడు; అతడు వద్దన్న త్రోవను త్రొక్కకుడు.

చివరకు ఒక కాగితముమీద పోవువారి పేర్లు, ప్రతి రాత్రి మకాము, నీరు దొరకుచోటు, మరలివచ్చు గంట వ్రాసి ఇంటిలో నొకటి, బడిలో నొకటి ఉంచవలెను. పిల్లలను పంపవచ్చునా యని తల్లిదండ్రులు కొందరు నన్నడిగిరి. ఆ కాగితము చూచిన పిమ్మట జవాబు చెప్పెదనంటిని. ఇంతవరకు ఎవ్వరును తెచ్చి చూపలేదు.