దారిబత్తెం ఇంటి పొయ్యి మీదే

వారాంతం వస్తే హైదరాబాదు నుంచి అనంతగిరికో, విశాఖపట్నం నుంచి వంజంగికో, లంబసింగికో గుడారాలు సర్దుకుని వెళ్ళేవాళ్ళు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. ఇంకొంచెం సాహసం ఉన్నవాళ్ళు చలికాలంలో ఉత్తరాఖండ్ దాకా వెళ్ళి కేదార్‌కంఠ ఎక్కి వస్తున్నారు. గుడారం, స్లీపింగ్ బ్యాగు, టార్చి, పవర్ బ్యాంకు అన్నీ వారం ముందే సిద్ధమవుతాయి. తిండి సంగతి మాత్రం ‘అక్కడికెళ్ళాక ఏదో ఒకటి వండుకుందాం’ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆ మాటను నమ్ముకుంటే మిగిలేది చీకట్లో సగం ఉడికిన అన్నం, మాడిన గిన్నె, తెల్లారేసరికి నీరసం. ఆరుబయట తృప్తిగా తినాలంటే వంటలో ముప్పావు వంతు ఇంట్లోనే అయిపోవాలి. వేయించడం, పోపు పెట్టడం, పులుసు మరిగించడం, తడి ఆర్చడం ఇంటి పొయ్యి మీద జరగాలి. శిబిరంలో మిగలాల్సింది వేడినీళ్ళు పోసి మూత పెట్టడం మాత్రమే. ఇందుకు కావలసిన విద్య మన వంటిళ్ళలో తరతరాలుగా ఉంది. దాన్ని గుడారం దాకా తీసుకెళ్ళాలన్న ఆలోచనే కొరవడింది.

దూరప్రయాణంలో మజిలీ చేసి వండుకోవడం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పెద్ద పరివారంతో, డేరాలతో సాగిన ప్రయాణం అది. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ ఏ సరుకులు దొరుకుతాయి అన్న వివరాలు అడుగడుగునా కనిపిస్తాయి. తర్వాత వెళ్ళబోయే యాత్రికుడికి వాటి విలువ ఎంతో ఆయనకు తెలుసు. నీళ్ళు ఎక్కడ, సరుకు ఎక్కడ అన్న రెండు ప్రశ్నలకు ముందే జవాబు ఉంటేనే ప్రయాణికుడి కడుపు నిండుతుంది. ఇవాళ బస్సులు, కార్లు వచ్చినా కొండెక్కేటప్పుడు ఆ ప్రశ్నలు మారలేదు.

ముందు బరువు లెక్క చూద్దాం. బియ్యం 100 గ్రాములకు దాదాపు 350 కిలోకేలరీల శక్తి ఇస్తుంది. అదే బియ్యం అన్నమయ్యాక 100 గ్రాములకు 130 మాత్రమే. శక్తి ఎక్కడికీ పోలేదు, అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్ళే కాబట్టి లెక్క అలా తగ్గింది. అంటే వండిన పదార్థాన్ని వీపున మోసుకెళ్ళేవాడు ఎక్కువగా మోస్తున్నది నీళ్ళనే. వంద గ్రాముల అటుకులు, యాభై గ్రాముల వేయించిన వేరుశనగ గుళ్ళు, ఒక పెద్ద చెంచాడు నెయ్యి కలిపితే 165 గ్రాముల బరువులో సుమారు 750 కిలోకేలరీలు వస్తాయి. అంత శక్తి వట్టి అన్నంతో రావాలంటే అరకిలోకు పైనే తినాలి. ఇది చిన్న తేడా కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2,110 కిలోకేలరీలు చాలు, కష్టమైన శారీరక శ్రమ చేసేవాడికి 3,470 కావాలి. స్త్రీలకు ఆ అంకెలు 1,660, 2,720. సోమవారం నుంచి శుక్రవారం దాకా కుర్చీలో గడిపిన మనిషి శనివారం బరువు మోస్తూ కొండెక్కితే, అతని అవసరం మొదటి అంకె నుంచి రెండో అంకె వైపు ఒక్కసారిగా జరుగుతుంది. ఇంట్లో తిన్నంతే తిని ఊరుకుంటే రాత్రికి చలి ఎక్కువ అనిపిస్తుంది, మర్నాడు కాళ్ళు సాగవు. చాలామంది దాన్ని అలవాటు లేని నడక ఖాతాలో వేస్తారు కానీ అందులో ఆకలి వాటా తక్కువేమీ కాదు.

రెండో లెక్క వేడిది. సముద్రమట్టంలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే నీరు, ఎత్తు పెరిగే ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ తక్కువకే మరుగుతుంది. అరకు ఎత్తులో ఆ తేడా మూడు డిగ్రీల దాకా ఉంటుంది, వంట కాస్త ఆలస్యమవుతుందంతే. 3,800 మీటర్ల ఎత్తున్న కేదార్‌కంఠ మీద నీళ్ళు 87 డిగ్రీల దగ్గరే తెర్లిపోతాయి. ఒకసారి మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు, నీళ్ళు ఇగిరిపోతాయి, గ్యాసు అయిపోతుంది. ఆ వేడికి కందిపప్పు మెత్తబడదు. ప్రెషర్ కుక్కరుంటే ఉడుకుతుంది, కానీ దాన్ని వీపున మోసేదెవరు? పైగా చిన్న గ్యాసు డబ్బాల్లో బ్యూటేన్ పాలు ఎక్కువ. అది సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఆవిరి కావడానికి మొరాయిస్తుంది, మంట నీరసిస్తుంది. అందుకే రాత్రి డబ్బాను దుప్పట్లో పెట్టుకోవాలి. మంట దగ్గర పెట్టి వెచ్చజేయడం మాత్రం ప్రాణాంతకం. ఇలాంటి చోట అరగంట ఉడకాల్సిన వంట పెట్టుకోవడం తెలిసి తెలిసి ఆకలిని పిలవడమే.

కాబట్టి ఎంపికకు ఒకే గీటురాయి: నీళ్ళు మరిగాక పది నిమిషాల్లో తినడానికి సిద్ధమవుతుందా? ఉప్మారవ్వను ఇంట్లోనే నూనెలో దోరగా వేయించి, ఆవాలు, శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి, గలగలలాడే దాకా వేగిన కరివేపాకు, జీడిపప్పు, శొంఠిపొడి, ఉప్పు కలిపి డబ్బాకెత్తుకుంటే, అక్కడ కప్పు రవ్వకు రెండున్నర కప్పుల మరుగునీళ్ళు పోసి కలిపి మూత పెడితే చాలు. బియ్యం, పెసరపప్పు వేయించి మిరియాలు, జీలకర్ర జతచేసి మూట కట్టుకుంటే పులగమవుతుంది. పెసరపప్పు కందిపప్పు కంటే చాలా తొందరగా ఉడుకుతుంది. పొయ్యి వెలిగించే ముందు అరగంట నానబెట్టి, కాసేపు తెర్లనిచ్చి, గిన్నెకు తువ్వాలు చుట్టి ఉంచితే, తక్కువ ఎత్తు కొండల మీద మిగిలిన పని ఆ వేడే పూర్తిచేస్తుంది. చింతపండు పులుసును నూనె తేలేదాకా ఉడికించిన పులిహోర గుజ్జు ఇంకా గొప్పది. తడిపి పిండిన అటుకులకు దాన్ని పట్టిస్తే అసలు పొయ్యే అక్కర్లేదు, వాన పడి మంట వెలగని రాత్రికి అదే దిక్కు. ఇక కందిపొడి, నువ్వులపొడి, కొబ్బరికారం ఒక్కో చెంచాతో అన్నం రూపు మార్చేస్తాయి. ఎండాకాలంలో మన పెద్దవాళ్ళు ఆరబెట్టే వంకాయ, గోరుచిక్కుడు ఒరుగులు వంటింటి డబ్బాలో కాదు, ట్రెక్కింగ్ సంచిలో ఉండాల్సినవి. వేడినీళ్ళలో నానితే అవి మళ్ళీ కూరగాయలే. మాంసం తినేవాళ్ళకు రాయలసీమ, తెలంగాణ ఇళ్ళలో తెలిసిన ఒట్టితునకలు ఉన్నాయి. ఇంట్లోనే ఉడికించి, కారం పట్టించి, పొడిపొడిగా వేయించి తీసుకెళ్తే పులగంతో నంజుకోవచ్చు. మంచుగడ్డ లేకుండా పచ్చి కోడిమాంసాన్ని ఆరేడు గంటలు సంచిలో మోసుకెళ్ళడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

తృప్తి అనేది కేలరీలతో తీరిపోయేది కాదు. అలసిన నోటికి చప్పటి తిండి సయించదు. బాగా ఎత్తుకు వెళ్ళినకొద్దీ ఆకలే మందగిస్తుంది, శరీరానికి తిండి మరింత అవసరమైన వేళ చెయ్యి కంచం వైపు కదలదు. పులుపు, కారం, పోపు వాసన, మాగాయ ముక్క ఉపకరించేది అక్కడే. చెమటతో పోయిన ఉప్పును ఊరగాయ కొంత తిరిగి తెస్తుంది. ఇంట్లో వేయించి తీసుకెళ్ళిన చల్లమిరపకాయలు, వడియాలు ఒక్క గిన్నె పులగానికి కరకరను చేరుస్తాయి. కొత్త చోట కొత్త వంటకం ప్రయత్నించాలన్న ఉబలాటం మంచిదే గానీ, చలిలో వణికే మనిషికి కావలసింది తనకు తెలిసిన రుచి. ఇక్కడ నాది గట్టి అభిప్రాయం: గుడారం ముందు నెయ్యి, కందిపొడి కలిపిన వేడన్నాన్ని మించిన విందు లేదు.

అన్నీ ప్యాకెట్లలో దొరుకుతుంటే ఈ శ్రమంతా ఎందుకని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇన్‌స్టంట్ నూడుల్సు ముందే ఉడికించి వేయించినవి కాబట్టి ఎత్తులో కూడా తేలిగ్గా అవుతాయి. కానీ ఒక చిన్న ప్యాకెట్ ఇచ్చేది సుమారు 300 కిలోకేలరీలు, మాంసకృత్తులు స్వల్పం. రెండు గంటల్లో మళ్ళీ ఆకలేస్తుంది. వేడిచేసుకుని తినే కూరల ప్యాకెట్లు చెడిపోవు, నిజమే, కానీ వాటిలో ఎక్కువ భాగం నీళ్ళే, కాబట్టి పాత బరువు సమస్య తిరిగొస్తుంది. ఖాళీ రేకు సంచులను కిందికి మోసుకురావడం ఇంకో పని. నీళ్ళు పోస్తే తయారయ్యే తిండి సూత్రం మాత్రం ఉత్తమమైనది. మైసూరులో 1961లో ఏర్పడిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల సైనికుల కోసం ఇలాంటి పదార్థాల మీదే పనిచేసింది. ఉప్మాను నీళ్ళు పోస్తే చాలనే స్థితికి తేవడం శాస్త్రజ్ఞులకూ విలువైన లక్ష్యమే అయింది. ఇంట్లో చేసుకునే మిశ్రమం ఆ సూత్రానికే సొంత రుచిని, తక్కువ ఖర్చును జోడిస్తుంది.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది: మంట వేసి, చుట్టూ కూర్చుని, అక్కడే వండుకోవడంలోనే కదా ఆనందం, మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తినకుండా పొడన్నం తినాలా? బొంగులో చికెన్ తప్పకుండా తినాలి, కానీ దాన్ని చేయడం తెలిసినవాళ్ళ దగ్గర కొనుక్కుని తినాలి. పచ్చి వెదురులోని తడి, ఆకులతో బిగించిన మూతి, నిప్పుల మీద సమంగా తిప్పే ఒడుపు కలిస్తేనే లోపల ముక్క దాని ఆవిరిలో అదే ఉడుకుతుంది. అది మన్యం వాళ్ళ అనుభవం, ఒక సాయంత్రంలో పట్టుబడేది కాదు. వాళ్ళ దగ్గర కొంటే రుచీ దక్కుతుంది, వాళ్ళకు నాలుగు రాళ్ళూ వస్తాయి. ఇక మంట విషయం. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. నల్లమలలో ఎండాకాలపు ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ ఏం చేయగలదో అటవీ సిబ్బందికి బాగా తెలుసు. అనుమతి ఉన్న శిబిరస్థలంలో మంట చుట్టూ కూర్చోండి, జొన్నకంకులో చిలగడదుంపలో కాల్చుకోండి. కడుపు నింపే బాధ్యతను మాత్రం ఆ మంట మీద పెట్టకండి.

కారు గుడారం పక్కదాకా వెళ్ళే చోట బరువు లెక్క వర్తించదన్నది నిజం. అలాంటప్పుడు కుక్కరు, ఐసుపెట్టె, కూరగాయల బుట్ట అన్నీ తీసుకెళ్ళొచ్చు. అయినా చీకటి, గిన్నెలు తోమే నీళ్ళు, అలసట మారవు కాబట్టి కోసిపెట్టుకోవడం, పోపు, మసాలా ముద్ద ఇంట్లోనే అయిపోతే సుఖం. పొడి తిండికి ఉన్న అసలు లోపం పీచు, తాజాదనం తక్కువ కావడం. రెండు రోజులు వరసగా అదే తింటే మలబద్ధకం రావచ్చు. తేలిగ్గా నలగని కీరదోస, క్యారెట్, ఉల్లి, నిమ్మకాయలు కొన్ని బరువైనా సరే మోసుకెళ్ళాలి, నీళ్ళు బాగా తాగాలి.

వండిన అన్నం విషయంలో ఒక జాగ్రత్త ఉంది. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేలుకుని విషాన్ని తయారుచేస్తాయి, దాన్ని మళ్ళీ వేడిచేసినా విరగదు. చింతపండు పులుపు ఆ పెరుగుదలను అణచివేస్తుంది కాబట్టే దారి తిండిగా పులిహోరకు అంత పేరు. తెల్లన్నం మిగలకుండా వండుకోవాలి. మిగిలితే ఎలుగులు, కోతులు రాకుండా గుడారానికి దూరంగా మూత బిగించి పెట్టి, కిందికి తెచ్చి పారేయాలి. వాన పడుతోందని గుడారం లోపల పొయ్యి వెలిగించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బయలుదేరే ముందు వారం, తీసుకెళ్ళబోయే ఆ చిన్న పొయ్యి మీద, ఆ గిన్నెలోనే, కట్టిన మూట విప్పి ఒక్కపూట డాబా మీద వండి చూడాలి. నీళ్ళు ఎన్ని పట్టాయి, ఎంతసేపు పట్టింది, నలుగురికి సరిపోయిందా, ఉప్పు ఎంత తక్కువైంది అన్నవి ఆ మూట మీదే రాసిపెట్టుకుంటే, కొండ మీద కొలతలు వెతుక్కునే పని ఉండదు.