బాలాపూర్ లడ్డూకి ఫారిన్ కీ

డీబీఎంఎస్ పుస్తకం ఏది తెరిచినా ఫారిన్ కీకి ఉద్యోగి, డిపార్ట్‌మెంట్ ఉదాహరణే ఉంటుంది. మాది బాలాపూర్ కాబట్టి నేను మా గణేశుడి లడ్డూ వేలంతో చెప్తాను.

1994లో కొలను మోహన్ రెడ్డి గారు 450 రూపాయలకు లడ్డూ పాడుకున్నారు. 1995లో 4,500కి మళ్ళీ ఆయనే. 2024లో కొలను శంకర్ రెడ్డి గారి పాట 30.01 లక్షలు. ఇదంతా ఒకే టేబుల్‌లో రాస్తే? ఒక ఏడాది ‘కొలను’ అని, ఇంకో ఏడాది ‘కొలన్’ అని పడిందంటే చాలు, కంప్యూటర్‌కి ఒకే మనిషి ఇద్దరవుతాడు. పైగా ఇంటిపేర్లు కలుస్తాయి. అందుకే ‘వ్యక్తులు’ టేబుల్‌లో ఒక్కొక్కరికీ ఒక నంబర్ ఇచ్చి, ‘వేలం’ టేబుల్‌లో ఆ నంబర్ మాత్రమే రాస్తాం. అదే ఫారిన్ కీ. 1970లో కాడ్ తన రిలేషనల్ మోడల్ పేపర్‌లోనే ఈ మాట వాడాడు.

ఒక వ్యక్తికి ఎన్ని వేలాలైనా ఉండొచ్చు. ఇది వన్ టు మెనీ. ఇక్కడితో అయిపోయిందనుకుంటే 2021 అడ్డం వస్తుంది. ఆ ఏడాది 18.90 లక్షలకు మర్రి శశాంక్ రెడ్డి, ఎమ్మెల్సీ రమేశ్ యాదవ్ కలిసి దక్కించుకున్నారు. ఒక గడిలో రెండు నంబర్లు పట్టవు. కాబట్టి ‘విజేతలు’ అని మూడో టేబుల్ పెట్టాలి. అందులో సంవత్సరం ఒక ఫారిన్ కీ, వ్యక్తి నంబర్ ఇంకొకటి. 2021కి రెండు వరుసలు వస్తాయి. కరోనా వల్ల వేలం జరగని 2020కి వరుసే ఉండదు.

ఇప్పుడు ‘వ్యక్తులు’ నుంచి మోహన్ రెడ్డి గారి వరుస ఎవరైనా తీసేస్తే? ఆన్ డిలీట్ క్యాస్కేడ్ పెట్టి ఉంటే, ‘విజేతలు’లో ఆయన వరుసలూ వెంటే పోతాయి. తొలి వేలం ఎవరు గెలిచారో చెప్పే ఆధారమే మిగలదు. రెస్ట్రిక్ట్ పెడితే సాఫ్ట్‌వేర్ డిలీట్‌ని ఒప్పుకోదు. చరిత్ర దాచే టేబుల్‌కి రెస్ట్రిక్టే సరైనది.

అయితే అన్ని సాఫ్ట్‌వేర్‌లూ ఈ కాపలా కాయవు. మై ఎస్‌క్యూఎల్‌లో మైఐశామ్ ఇంజిన్ ఫారిన్ కీ రాస్తే చదివి వదిలేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఇన్నోడీబీ అయితే పట్టించుకుంటుంది. 5.5 వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్. ఎస్‌క్యూలైట్ 2009లో వచ్చిన 3.6.19 నుంచి అమలు చేస్తోంది కానీ, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మాతో ఆన్ చేయాలి.

మీ ప్రాజెక్ట్ సబ్మిట్ చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి. ‘వ్యక్తులు’లో లేని 999 నంబర్‌ని ‘విజేతలు’లో ఇన్సర్ట్ చేయండి. ఎర్రర్ వస్తే సంతోషించండి. నోరెత్తకుండా తీసుకుందంటే, మీ ఈఆర్ డయాగ్రమ్‌లోని గీతలు కాగితం మీదే ఉన్నట్టు.