లారీ యింజను వేడిచేయు వాడుక

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో బాట వెంబడి గ్రామములందు లారీలే జీవనాధారముగాఁ గల సంసారములు పెక్కు గలవు. తెల్లవారుజామున లారీని కదలింపక, యింజనును మాత్రము అరగంటసేపు ఊరక నడువనిచ్చుట కొందఱి వాడుక. ఆ పొగ పొరుగింటి వసారాలోని చంటిబిడ్డ యూయెల దాఁక వచ్చును. సోదరీమణులారా! డీజిలు ఖర్చు సంసారపు ఖర్చే గదా. కావున దీని యవసర మెంతయో మనమును దెలిసికొందము.

డీజిలు యింజనుకు నిప్పురవ్వ నిచ్చు సాధనము లేదు. సైకిలు పంపు కొట్టునపుడు గొట్టము వేడెక్కుట చూచితిరి గదా! అట్లే గాలిని పదునాఱవ వంతునకో, అంతకంటెఁ దక్కువకో అణచిన నది మిక్కిలి వేడియగును; అందుఁ జిమ్మిన నూనె తనంతట మండును. మంచు దేశములందు చల్లని యినుము ఆ వేడిని పీల్చివేయును గనుక తంటాలు తప్పవు. మన పుష్యమాసపుఁ జలి అట్టిది కాదు.

ఊరక తిరుగు యింజను మెల్లఁగాఁ గాని వేడెక్కదు. పచ్చికట్టెల పొయ్యివలె, సగము కాలిన డీజిలు గోడలవెంట జాఱి యింజను ఆయిలును పలుచఁజేయును. పెద్ద లారీ యిట్లు గంటకు రమారమి 2 లీటర్లు త్రాగును. దినమున కరగంట చొప్పున 25 దినములకు 25 లీటర్లు! డీజిలు పొగ క్యాన్సరు కలిగించునని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకుఁ జెందిన పరిశోధనా సంస్థ నిర్ణయించినది. 2020 నుండి వచ్చుచున్న బి.ఎస్. 6 లారీలలో మసిని బట్టు జల్లెడయున్నది. చల్లని యింజను ఊరక తిరిగిన నదియును పూడుకొనును.

అయినను వెంటనే పరుగు దీయింపరాదు. ఆయిలు ఒత్తిడి దీపమాఱవలెను. గాలిబ్రేకుల ట్యాంకులు నిండి ముల్లు తగిన చోటికి రావలెను. అంతవఱకు లారీని కదలించుట ప్రాణాపాయము. వీనికి సామాన్యముగాఁ గొలఁది నిమిషములు చాలును. పిమ్మట సూర్యాపేట బాటయైనను, జడ్చర్ల బాటయైనను, మొదటి రెండు మూఁడు మైళ్లు నిదానముగా నడిపిన, బరువు లాగుటచేతనే యింజను చక్కఁగా వేడెక్కును.

యింజనును ఊరక త్రిప్పవలసిన సమయ మొకటి లేకపోలేదు. అది బయలుదేఱునపుడు కాదు, చేరునపుడు. బరువుతో ఘాటెక్కి వచ్చిన టర్బో లారీని ఆఁపినవెంటనే తాళము ద్రిప్పక, రెండు మూఁడు నిమిషములు తిరుగనిచ్చినచో, కాఁగిన భాగములు ఆయిలుచేఁ జల్లబడును. ఇంటికిఁ జేరు తొందరలో దీనిని మాత్రము మఱచువారే మెండు.