గృహనిర్మాణమున వ్యర్థవ్యయము : కారణములు, నివారణోపాయములు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత గృహస్థుల అనుభవము నుండి పుట్టినది. తలచిన వ్యయమునకును, తుదకైన వ్యయమునకును గల అంతరమునకు సరకుల ధరలే కారణమని పలువురు భావింతురు. కాని అందు కొంత భాగము, కొన్న వస్తువు కట్టడమునకు చేరకపోవుట వలనను, చేరవలసిన దానికంటె అధికముగా చేరుట వలనను కలుగుచున్నది.

గౌతమీ గోదావరీ తీరమున, కోరంగి పాయ చెంతనున్న యానాములో ఈ విషయము మిక్కిలి విచారణీయము. డెల్టా ఒండ్రునేలలో రాయి లభింపదు; సిమెంటు, ఇనుము దూరప్రాంతముల నుండి రావలెను. వ్యర్థమైన ప్రతి బస్తాతోను రవాణా వ్యయముకూడ నష్టమగును.

ఇంగ్లండు దేశపు పరిశోధకుడు స్కోయిల్సు 1976లో ఈ నష్టమును ప్రత్యక్షము, పరోక్షము అని రెండు విధములుగా వివరించెను. విరిగిన ఇటుక, గడ్డకట్టిన సిమెంటు ప్రత్యక్ష నష్టములు. పరోక్ష నష్టము కంటికి కానరాదు. అది గోడలోనే దాగియుండును. ఒక ఉదాహరణము: 100 చదరపు మీటర్ల గోడకు 12 మిల్లీమీటర్ల మందమున పూతపూసినచో 1.2 ఘనపు మీటర్ల మాలు పట్టును. గోడ వంకరగా లేచుటచే ఆ మందము 18 మిల్లీమీటర్లైనచో 1.8 ఘనపు మీటర్లు కావలెను. నేలపై ఒక్క తట్టెడు మాలైనను రాలకున్నను, సగము అధిక వ్యయము తప్పదు.

కారణములలో మొదటిది నిశ్చయము లేని నమూనా. గోడ లేచిన పిదప కిటికీ స్థలము మార్చుట, పూత ముగిసిన పిదప గొట్టములకై గోడ తొలుచుట ఇట్టివే. రెండవది కొలతల యెడ అశ్రద్ధ. ఇనుప చువ్వ సాధారణముగా 12 మీటర్ల పొడవుండును. మూడున్నర మీటర్ల ముక్కలు మూడు కోసినచో ఒకటిన్నర మీటరు, అనగా ఎనిమిదవ వంతు, మిగులును. ఆ తునక ఎచట ఉపయోగించునో ముందే వ్రాసికొనని యెడల అది పాత ఇనుముగా తూకమునకు పోవును.

మూడవది నిలువ లోపము. కొద్దిగా తడిసిన ఇసుక ఉబ్బి, పరిమాణమున నూటికి 20 నుండి 30 వంతులు అధికముగా కనబడవచ్చును. కొలతపై కొనువారు ఆ మేరకు నష్టపోవుదురు. తేమగాలి వీచు తీరమున సిమెంటును నేలపై పేర్చుట తగదు. మూడు మాసములు నిలువయున్న సిమెంటు తన బలములో సుమారు అయిదవ వంతు కోల్పోవును.

ఈ నష్టములన్నిటికి తాపీ పనివారినే నిందించుట న్యాయము కాదు. పనివాని చేతికి సరకు చేరకమునుపే ఇందు చాలభాగము నిర్ణయమైపోవుచున్నది. కావున నివారణముకూడ అచటనే ఆరంభము కావలెను. పునాది తీయుటకు ముందే ద్వారములు, కిటికీలు, గొట్టముల స్థానములు నిశ్చయింపవలెను. చువ్వలు కోయు పట్టికను సిద్ధపరుపవలెను. సిమెంటును పని నడచు కొలది తెప్పించి, చెక్కలపై, గోడకు ఎడముగా, పది బస్తాల ఎత్తుకు మించకుండ పేర్చవలెను. మాలు గట్టిపడకమునుపే వాడగలిగినంత మాత్రమే కలుపవలెను. వచ్చిన సరకు, వాడిన సరకు అను రెండు పద్దులను వారమునకొకసారి సరిచూచినచో, లోపమెచటనున్నదో ఇల్లు ముగియకమునుపే తెలియును.

ఇంత చేసినను కొంత శేషము మిగులును. పూర్వులు ఇటుకపొడిని సున్నములో కలిపి సుర్కీగా వాడిరి; పాత యిండ్ల టేకు ద్వారబంధములను క్రొత్త యిండ్లకు అమర్చిరి. భారత ప్రభుత్వము 2016లో నిర్మాణ శిథిలములకై ప్రత్యేక నియమములను ప్రకటించినది. 2022 జూలైలో గోదావరి వరద యానాము వీధులను ముంచెత్తినది. అట్టి పల్లపునేలలో ఇటుకముక్కలతో మురుగుకాలువను పూడ్చినచో, ఒక యింటి వ్యర్థము పది యిండ్ల ముంగిట నీరై నిలుచును. కనుక పొదుపు గృహస్థుని ధనరక్షణకే గాక, ఇరుగుపొరుగువారి క్షేమమునకును అవశ్యకము.